చిన్న చెరువా... పెద్ద జలాశయమా?

ఈ వారం ఉత్తరం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. లెస్టర్‌లో స్థిరపడిన ఓ తెలుగు పాఠకుడు రాశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదకొండేళ్ల కొడుకు. శని, ఆదివారాలు వస్తే చాలు... పిల్లాడు వీడియో గేముల ముందు, తండ్రి ల్యాప్‌టాప్ ముందు. స్కూల్లో స్నేహితుడి మాటలు విని ఓ రోజు పిల్లాడే అడిగాడట, ‘నాన్నా, మనమూ ఫ్లై ఫిషింగ్ నేర్చుకుందామా?’ అని.

సమస్య అక్కడే మొదలైంది. ‘ఇంటికి పది నిమిషాల దూరంలో నాలుగెకరాల చేపల చెరువుంది. టికెట్టు కొనుక్కుని గాలం వేసుకోవడమే. గంటలోపు ప్రయాణంలో రట్లండ్ వాటర్ ఉంది. చూస్తే సముద్రమే! ఆఫీసులో అడిగితే తలో మాటా చెబుతున్నారు. చెరువులో పట్టడం నీళ్లతొట్టిలో పట్టినట్టే, అదేం ఆట అని కొందరు. రట్లండ్ వెళితే మొదటి ఏడాదంతా ఖాళీ సంచితో తిరిగి రావడమే అని కొందరు. మావాడికి ఒక్కసారి విసుగు పుట్టిందంటే మళ్లీ గడప దాటడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?’

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. డాక్టర్లుగా, ఇంజినీర్లుగా బ్రిటన్ వెళ్లిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లల దగ్గర నెలల తరబడి ఉండి, పగలంతా కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునే అమ్మానాన్నలూ ఉన్నారు. వాళ్లందరికీ పనికొచ్చే సంగతే కాబట్టి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ఈగతో గాలమా?

ముందు అసలు ఆట ఏమిటో చూద్దాం. మన ఊళ్లలో గాలం అంటే ఏమిటి? ఒక కర్ర, దారం, కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర (వానపాము), నీటిమీద తేలే బెండు. విసిరితే ఎర బరువుకే దారం దూరం వెళుతుంది. బెండు మునిగిందా, లాగడమే.

ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఉండదు. కొక్కెం చుట్టూ ఈకలు, బొచ్చు, దారం చుట్టి చేసిన బొమ్మ పురుగు ఉంటుంది. దాని పేరే ‘ఫ్లై’. దానికి బరువే ఉండదు. మరి ముప్ఫై, నలభై అడుగుల దూరం ఎలా వెళుతుంది? బరువంతా దారంలో ఉంటుంది. లావుపాటి ఆ దారాన్ని కర్రతో వెనక్కీ ముందుకూ కొరడాలా ఆడిస్తే, దారమే పురుగును మోసుకెళ్లి నీటిమీద దించుతుంది. బెత్తం ఆడించినట్టు బలం ఉపయోగిస్తే దారం కుప్పగా నెత్తిన పడుతుంది. దారం వెనక పూర్తిగా చాచుకునేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. కొత్తవాళ్లందరికీ కష్టమయ్యేది ఆ ఒక్క క్షణం ఆగడమే.

ఈ ఆటలో ఇంగ్లండ్ చెరువుల్లో ఎక్కువగా పడేది రెయిన్‌బో ట్రౌట్. దీని సొంతూరు అమెరికా ఖండపు పసిఫిక్ తీరం. 1880లలో బ్రిటన్‌కు తెచ్చారు. అక్కడి నీళ్లలో బతుకుతుంది, పెరుగుతుంది కానీ తనంతట తాను సంతతిని పెంచుకోవడం చాలా అరుదు. అందుకే హేచరీల్లో పెంచి చెరువుల్లోకి, జలాశయాల్లోకి వదులుతారు. టికెట్టు డబ్బుల్లో పెద్ద వాటా దానికే పోతుంది. ఇది చల్లటి నీటి చేప. మన తెలుగు రాష్ట్రాల చెరువుల్లో బతకదు. మన దేశంలో చూడాలంటే కశ్మీర్, హిమాచల్, నీలగిరులు ఎక్కాల్సిందే.

నదికీ నిలవ నీటికీ తేడా

ఇంకో ముఖ్యమైన మాట. నదిలో ట్రౌట్ ఒక రాయి చాటున నిలబడి ఉంటుంది. ప్రవాహమే తిండిని నోటి దగ్గరకు తెస్తుంది. చెరువులో ప్రవాహం లేదు. కాబట్టి చేపే తిండి వెతుక్కుంటూ తిరగాలి. మన కొర్రమీనుకు తెలిసిన విద్య వేరు. అది నాచు పక్కన కాపు కాస్తుంది. చోటు తెలిస్తే చాలు, దాని ముందు కప్ప ఎర ఆడిస్తే సరిపోతుంది. రెయిన్‌బో ట్రౌట్ అలా కాదు, సంచారి. ఇప్పుడు ఇక్కడ ఉంటుంది, పది నిమిషాల తర్వాత ఎక్కడుంటుందో!

అంటే ఈ ఆట నేర్చుకునేవాడికి రెండు పరీక్షలు. పురుగును సరిగ్గా విసరడం ఒకటి. చేప ఎక్కడుందో కనిపెట్టడం రెండోది. చెరువా, జలాశయమా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు పరీక్షల్లోనే ఉంది.

రెండు తెలియని లెక్క

స్కూల్లో ఆల్జీబ్రా గుర్తుందా? ఒకే సమీకరణంలో ఎక్స్, వై రెండూ తెలియకపోతే లెక్క తెగదు. ఒకటి తెలిస్తే రెండోది ఇట్టే వచ్చేస్తుంది.

కొత్తగా కర్ర పట్టినవాడు నేరుగా రట్లండ్ వాటర్ గట్టు మీద నిలబడ్డాడనుకోండి. సుమారు 3 వేల ఎకరాల నీరు. మన హుస్సేన్‌సాగర్‌కు దాదాపు రెండింతలు. గట్టు చుట్టుకొలతే 20 మైళ్ల పైన. ఆనకట్ట దగ్గర వంద అడుగుల పైచిలుకు లోతు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విసిరాడు. ఒక్క చేపా తగల్లేదు. ఎందుకు తగల్లేదు? దారం చప్పుడుతో పడి చేపలు బెదిరాయా? పురుగు సరైనది కాదా? చాలా పైన లాగాడా? చాలా కింద లాగాడా? లేక అసలు ఆ చుట్టుపక్కల చేపే లేదా? చెప్పేవాడు లేడు. మర్నాడు వెళ్లినా అంతే. తప్పు చేతిదో చోటుదో తెలియనప్పుడు ఏం దిద్దుకుంటాడు? కొత్తవాళ్లను ఈ ఆట నుంచి తరిమేసేది చేప పడకపోవడం కాదు, ఎందుకు పడలేదో తెలియకపోవడం.

అదే నాలుగెకరాల చెరువులో అయితే ఒక సంగతి ఖాయం. చేప ఉంది. ఈ వారమే వదిలారు. ఎదుటి గట్టు మీద పెద్దాయన ఇప్పుడే ఒకటి పట్టాడు. మీకు పడలేదంటే లోపం మీ విసురులోనో, పురుగు లోతులోనో ఉంది. పెద్దాయన దగ్గరకెళ్లి, ‘ఏం వాడుతున్నారండీ?’ అని అడగొచ్చు. చిన్న చెరువు దగ్గర అలా అడిగితే చెప్పని వాళ్లు తక్కువ. లెక్కలో ఒకటి తెలిసిపోయింది, రెండోదాని మీదే మనసు పెట్టొచ్చు.

కాబట్టి మొదటి జవాబు సూటిగా చెప్పుకోవచ్చు. చేయి కుదిరేదాకా చిన్న చెరువే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

అయితే కథ అంతటితో అయిపోలేదు.

చిన్న చెరువు దాచే నిజం

చిన్న చెరువులో మొదటి రోజే రెండు చేపలు పడొచ్చు. పిల్లాడు ఎగిరి గంతేస్తాడు. తండ్రికి నేనూ వేటగాణ్ణేనన్న నమ్మకం కలుగుతుంది. కానీ హేచరీ నుంచి నిన్నో మొన్నో వచ్చిన చేప సంగతి తెలుసుకోవాలి. అది పుట్టినప్పటి నుంచి పైనుంచి పడే గోలీ మేత తిని పెరిగింది. కదిలేది ఏది కనిపించినా వెంటపడుతుంది. నారింజ, పచ్చ రంగు ఈకల కుచ్చు లాగితే చాలు, వచ్చి పట్టేస్తుంది. ప్రకృతిలో అలాంటి పురుగే లేదు. ఇలా పట్టిన చేప మీ చేతికి ధైర్యం ఇస్తుంది కానీ, నీటి గురించి ఏమీ చెప్పదు.

రెండు మూడు వారాలు అక్కడే ఉండిపోయిన చేపల తీరు వేరు. రోజూ పది మంది విసిరే పురుగులను చూసి చూసి తెలివి మీరతాయి. గట్టు మీద నీడ కదిలితే మధ్యలోకి జారుకుంటాయి. అప్పుడు మన మనిషి ఏం చేస్తాడు? ఇంకా దూరం విసరాలని తంటాలు పడతాడు. నిజానికి వాటిలో కొన్ని ఆయన కాళ్ల ముందు పది అడుగుల్లోనే మేస్తుంటాయి.

ఎండాకాలంలో మరో చిక్కు. నాలుగెకరాల చెరువు ఇట్టే వేడెక్కుతుంది. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు ఊపిరి కష్టమవుతుంది. మేత మానేస్తుంది. పట్టి వదిలినా బతకడం కష్టం. 2022 జులైలో ఇంగ్లండ్‌లో ఉష్ణోగ్రత మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. అలాంటి ఎండల్లో చిన్న చెరువుల వాళ్లు గాలం ఆపేయడమే ధర్మం, చాలామంది ఆపేస్తారు కూడా. లోతైన జలాశయంలో చేపకు ఇంకో దారి ఉంది. కిందికి దిగి చల్లటి నీటిలో తలదాచుకుంటుంది.

ఏళ్ల తరబడి చిన్న చెరువులకే పరిమితమైన వాళ్లు అక్కడ చాలామంది కనిపిస్తారు. తప్పేమీ లేదు. సరదాకు వచ్చాం, పోతాం అనుకుంటే అదే చాలు. కానీ ఆట లోతు తెలియాలంటే రెండో పరీక్ష కూడా రాయాలి. దానికి పెద్ద నీరు కావాలి.

నిజానికి మొదలైందే పెద్ద నీటిలో

ఇక్కడో తమాషా ఉంది. చిన్నది ముందు, పెద్దది తర్వాత అని మనం అనుకుంటున్నాం కదా... ఇంగ్లండ్ చరిత్ర చూస్తే అంతా తలకిందులు. ఒకప్పుడు ట్రౌట్ అంటే హాంప్‌షైర్‌లోని టెస్ట్, ఇచెన్ లాంటి నదులే. గట్టు ఎవరి భూమి అయితే చేప వాళ్లది. జమీందార్లకు, వాళ్ల అతిథులకు తప్ప సామాన్యుడికి అక్కడ చోటు లేదు.

బ్రిస్టల్ నగర తాగునీటి కోసం సోమర్‌సెట్‌లో కట్టిన బ్లాగ్డన్ సరస్సులో 1904లో ట్రౌట్ వేటకు జనాన్ని అనుమతించారు. జలాశయాల్లో ఫ్లై ఫిషింగ్‌కు పుట్టిల్లు అదేనంటారు. దానికి దగ్గర్లోనే 1956లో చ్యూ వ్యాలీ, కేంబ్రిడ్జ్‌షైర్‌లో 1966లో గ్రాఫమ్, ఆ తర్వాత 1977లో రట్లండ్. తాగునీటి కోసం కట్టిన ఒక్కో జలాశయం ఫ్యాక్టరీ కార్మికుడికి, స్కూలు మాస్టారికి రోజు టికెట్టు మీద ఈ ఆటను దగ్గర చేసింది. 1970లలో హాంప్‌షైర్‌లోని ఎవింగ్టన్‌లో శామ్ హాలండ్ అనే ఆయన భారీ రెయిన్‌బో ట్రౌట్లను పెంచి చిన్న చెరువుల్లో వదలడంతో చెరువుల వేటకూ పేరొచ్చింది. అంటే పాత తరం వాళ్లు చాలామంది పెద్ద నీటిలోనే తడబడుతూ నేర్చుకున్నారు. వాళ్లకు వేరే బడి లేదు. మనకు ఉంది. ఉన్నప్పుడు వాడుకోవడం తెలివి.

సముద్రాన్ని ముక్కలు చేయండి

రట్లండ్ ముందు నిలబడగానే గుండె జారేది దాని సైజు చూసే. అనుభవజ్ఞులు చెప్పే కిటుకు ఒకటే... మూడు వేల ఎకరాలను చూడకండి. అందులో ఒక చిన్న పాయను ఎంచుకుని, అదే మీ నాలుగెకరాల చెరువు అనుకోండి. మిగతాది లేనట్టే.

ఆ ముక్కను ఎలా ఎంచుకోవాలి? మన పల్లెల్లో గాలం వేసే తాతను అడిగినా చెబుతాడు. తూము దగ్గర, అలుగు దగ్గర, వాగు వచ్చి కలిసే చోట, లోతు హఠాత్తుగా మారే అంచున చేప చేరుతుందని. అక్కడా అంతే. ఎండ అడుగుదాకా తగిలే లోతు తక్కువ చోట్ల నాచు పెరుగుతుంది, పురుగూ పుట్రా పుడతాయి. ట్రౌట్ వంటిల్లు అదే. వంద అడుగుల లోతున్న ఆనకట్ట పక్కకంటే, ఆరు నుంచి పన్నెండు అడుగుల లోతున్న పాయలే కొత్తవాడికి మేలు.

ఇంకో మంచి పద్ధతి ఉంది. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం మనకు తెలుసు. నీటి కింద ఒక ఊరు, ఒక భూమి ఉంటాయని ఆ రోజున అందరికీ గుర్తొస్తుంది. రట్లండ్ కూడా గ్వాష్ లోయలోని పొలాలను, నెదర్ హాంబుల్టన్, మిడిల్ హాంబుల్టన్ పల్లెలను ముంచి కట్టినదే. నార్మంటన్ చర్చిని మాత్రం కింది భాగం పూడ్చి, చుట్టూ రాతికట్ట వేసి నిలబెట్టారు. ఇప్పుడు నీటి అంచున సగం చర్చే కనిపిస్తుంది. నీళ్లు తగ్గే రోజుల్లో వెళ్లి గట్టు వెంట నడవండి. పాత కంచెల గీతలు, కాలవలు, బాటలు బయటపడతాయి. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు నిండాక చేపలు తిరిగే దారులు అవే. ఇది పిల్లలకు మహా సరదా అయిన పని. టికెట్టూ అక్కర్లేదు.

గాలి చెప్పే మాట వినండి

చిన్న చెరువు చుట్టూ చెట్లుంటాయి. గాలి పెద్దగా తెలియదు. జలాశయంలో రాజ్యమంతా గాలిదే. పైనీటిని, దానితోపాటు తేలే పురుగుల్ని ఒక గట్టుకు తోసేస్తుంది. చేపలూ అటే చేరతాయి. ఉపరితలంలో మేసేటప్పుడు ఎక్కువగా గాలికి ఎదురు ఈదుతాయి. అంటే గాలి వచ్చి కొట్టే గట్టున చేప ఎక్కువ, కానీ ఎదురుగాలిలో విసరడం కష్టం. గాలి వీపున ఉన్న గట్టున విసరడం సులువు, కానీ చేప తక్కువ.

మధ్యేమార్గం ఒకటుంది. కుడిచేతి వాటం వాళ్లు గాలి ఎడమ పక్క నుంచి వచ్చే చోట నిలబడాలి. దారం ఒంటికి దూరంగా పోతుంది. గాలి కుడి పక్క నుంచి వస్తే దారం, దాని చివర కొక్కెం మన చెవి మీదకో కంటి మీదకో వస్తాయి. ఎడమచేతి వాటమైతే ఇది తిరగేసుకోండి. ఎటు గాలి ఉన్నా టోపీ, కళ్లద్దాలు లేకుండా కర్ర ఎత్తకూడదు. పిల్లల విషయంలో ఇందులో రాజీ లేదు. పోలరాయిడ్ కళ్లద్దాలైతే నీటి మెరుపు తగ్గి చేప కనిపిస్తుంది కూడా.

గట్టు చేరగానే నీళ్లలోకి దిగిపోవడం మరో అలవాటు. పొద్దున్నే చేపలు గట్టు పక్కనే మేస్తుంటాయి. నడుం లోతు దిగినవాడు ఆ చేపల్ని తానే తరిమేసి, లేని చోటికి విసురుతుంటాడు. మొదటి పది నిమిషాలు పొడి నేల మీదే నిలబడి, దగ్గర్లోనే విసరండి.

ఒకే కర్ర చాలు

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు... ఆట రాకముందే కొందరు చెరువుకో కర్ర, జలాశయానికో కర్ర, ఆరు రకాల దారాలు కొనేస్తారు. అక్కర్లేదు. పెద్దవాళ్లకు తొమ్మిదిన్నర అడుగుల కర్ర, 7వ నంబరు తేలే దారం రెండు చోట్లా పనికొస్తాయి. దారం బరువును బట్టి ఆ నంబర్లు ఇస్తారు. కర్ర మీద ఏ నంబరుంటే దారమూ అదే ఉండాలి. పదకొండేళ్ల పిల్లాడికి అంత కర్ర బరువు. ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల మధ్య, 5 లేదా 6 నంబరు చాలు. చాలా చెరువుల దగ్గర అద్దెకూ ఇస్తారు. మొదటి రెండు సార్లు అద్దెదే వాడండి.

పురుగుల్లో కూడా అంతే. నల్లటి సన్నని ‘బజర్’, గోధుమ రంగు ‘ఫెజెంట్ టెయిల్’, తోకతో ఆడే ‘డామ్సెల్’, పైన తేలేది ఒకటి, రంగుల కుచ్చు ఒకటి. డబ్బాలో ఈ అయిదు రకాలుంటే చాలు. బజర్ అంటే కుట్టని దోమజాతి పురుగు. చెరువు అడుగున ఎర్రటి పురుగుగా పుట్టి, పైకి తేలుతూ రెక్కలు తొడుక్కుంటుంది. అలా తేలేటప్పుడు ట్రౌట్ నోట్లో పడుతుంది. రెండు రకాల నీటిలోనూ దానికి ముఖ్యమైన తిండి అదే. దాన్ని దాదాపు లాగకుండా, గాలికే వదిలేసి ఓపిగ్గా ఉండటం వచ్చిందంటే సగం ఆట వచ్చినట్టే.

మిగిలే డబ్బును ఒక పనికి ఖర్చుపెట్టండి. రెండు గంటల పాఠానికి. గేమ్ యాంగ్లింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ అసోసియేషన్ లాంటి సంస్థల గుర్తింపు ఉన్న శిక్షకులు అక్కడ దొరుకుతారు. తండ్రి తప్పుగా నేర్చుకుని కొడుక్కి నేర్పడం కంటే, ఇద్దరూ ఒకేసారి పాఠం చెప్పించుకోవడం మేలు. పిల్లాడికి ముందు వస్తే మరీ మంచిది. ఆ వారమంతా నాన్నకు వాడే గురువు!

లైసెన్సు మర్చిపోకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 13 ఏళ్లు దాటిన ప్రతివాళ్లూ టికెట్టుతోపాటు ప్రభుత్వ రాడ్ లైసెన్సు తీసుకోవాలి. 13 నుంచి 16 ఏళ్ల వాళ్లకు అది ఉచితం. అంతకంటే చిన్న పిల్లలకు అక్కర్లేదు. ఏ నీటిలో ఈ ఏడు ఏ చేపలు వదులుతున్నారో, నియమాలేమిటో ముందే ఫోన్ చేసి తెలుసుకుని బయల్దేరండి. జలాశయాల్లో ఇవి మారుతుంటాయి.

వదలడమా, వండడమా?

పట్టిన చేపను వదిలేయడమేమిటి విడ్డూరం... అని ఇంట్లో అత్తగారు అనకమానరు. రెండు రకాల టికెట్లుంటాయి. ఒకటి ఇన్ని చేపలు ఇంటికి తీసుకెళ్లొచ్చు అనేది. ఆ లెక్క పూర్తయితే కర్ర మడవాల్సిందే. రెండోది పట్టి వదిలేయడం. దానికి ముల్లు లేని కొక్కెం తప్పనిసరి. చేతులు తడుపుకుని, చేపను వీలైనంత వరకూ నీటిలోనే ఉంచి వదలాలి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు పొర పోయి జబ్బు పడుతుంది.

కొత్తవాళ్లకు మొదట్లో తీసుకెళ్లే టికెట్టే మంచిది. వదలడానికీ నైపుణ్యం కావాలి. గాభరాలో చేపను గట్టు మీద పొర్లించి, ఫొటోల కోసం ఊపిరాడకుండా చేసి వదిలితే ఏం పుణ్యం? ఒకటి రెండు తెచ్చుకుని వండుకోండి. ట్రౌట్ కండ మెత్తన. పులుసులో గరిటె పెడితే విడిపోతుంది. ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేయిస్తే బాగుంటుంది. తాను పట్టిన చేప తన కంచంలోకి రావడం పిల్లాడికి చిన్న సంగతేమీ కాదు.

పడవ వచ్చే ఏడాదికి

జలాశయం అనగానే అందరి కన్నూ పడవ మీదే. నిజమే, పడవలో చేపలున్న చోటికి వెళ్లొచ్చు. కానీ మైళ్ల కొద్దీ నీటి మీద గాలి లేచిందంటే అరగంటలో అలలు అడుగెత్తు లేస్తాయి. వసంతంలో కూడా ఆ నీరు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లన. పడితే ఈత వచ్చినవాళ్లకూ మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు. ఊగే పడవలో ఇద్దరు కొత్తవాళ్లు కొక్కేలు విసురుకోవడం ప్రమాదమే. మొదటి ఏడాది గట్టు మీదే ఉండండి. తర్వాత పడవ ఎక్కినా, తెలిసినవాళ్లతో, లైఫ్ జాకెట్ తొడుక్కుని, కూర్చునే విసరండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఈ కర్రలు కార్బన్‌తో చేసినవి. కరెంటు తీగల కింద ఎప్పుడూ ఎత్తకండి. ఎండాకాలంలో జలాశయాల్లో నీలి ఆకుపచ్చ నాచు తెట్టు కడుతుంది. అది విషం. హెచ్చరిక బోర్డు కనిపిస్తే పిల్లల్ని నీళ్లు ముట్టుకోనివ్వకండి.

ఒక ఏడాది ప్రణాళిక

మార్చి చివర, ఏప్రిల్: రెండు పాఠాలు, చిన్న చెరువులో మూడు నాలుగు ఉదయాలు. రంగుల కుచ్చుతో మొదటి చేప పట్టాక దాన్ని పక్కన పెట్టి, బజర్‌తో ఒక్కటైనా పట్టండి. ముప్ఫై అడుగులు చప్పుడు కాకుండా విసరడం, పురుగు ఏ లోతులో ఉందో మనసులో లెక్కపెట్టుకోవడం... ఈ రెండూ వస్తే బడి అయిపోయినట్టే. రోజంతా వద్దు. పిల్లాడికి మూడు గంటలు చాలు. ఇంకాసేపు ఉందాం నాన్నా అంటున్నప్పుడే ఇంటికి తీసుకెళ్లండి.

మే: రట్లండ్‌కు మొదటి ప్రయాణం. బజర్లు విపరీతంగా లేచే నెల. చేపలు గట్టుకు దగ్గర్లో ఉంటాయి. వెలుతురు రాత్రి దాకా ఉంటుంది. సాయంత్రం ఒక్క పాయ. చేప పడకపోవచ్చు. అక్కడ గెలుపును చేపలతో లెక్కపెట్టకండి. గాలి ఎటుంది, పురుగులు ఎక్కడ లేచాయి, చేప ఎక్కడ ఎగిరింది అని పిల్లాడి చేత ఓ నోటుపుస్తకంలో రాయించండి. అదే పాయకు నాలుగుసార్లు వెళ్లండి.

జులై, ఆగస్టు: ఎండలు ముదిరితే చిన్న చెరువు మానండి. జలాశయంలోనూ చేపలు లోతుకు పోతాయి. నీళ్లు తగ్గిన గట్లు చూడటానికి ఇదే అదను. రట్లండ్‌లో ఆస్ప్రే అనే చేపల గద్దలు ఉంటాయి. ఇంగ్లండ్‌లో కనుమరుగైన ఈ పక్షుల్ని 1996 నుంచి స్కాట్లండ్ పిల్లల్ని తెచ్చి వదిలితే, 2001లో అక్కడ గూడు కట్టి పిల్లల్ని చేశాయి. మనకంటే మంచి వేటగాళ్లు. ఓ పూట వాటిని చూడండి.

సెప్టెంబరు: మళ్లీ జలాశయం. పొడవు కాళ్ల ‘డాడీ లాంగ్‌లెగ్స్’ పురుగులు గాలికి కొట్టుకొచ్చి నీటిలో పడుతుంటాయి. తేలే పురుగు వేసి కదపకుండా వదిలేయండి. చేప పైకి వచ్చి నోరు తెరిచి మింగడం కళ్లారా చూడొచ్చు. ఏడాదంతా ఎదురుచూసినా తప్పులేదనిపించే దృశ్యం.

మరి చెరువు గొప్పదా, జలాశయం గొప్పదా? చెరువు చేతికి నేర్పుతుంది, జలాశయం కంటికి నేర్పుతుంది. మొదటిది నాలుగైదు ఉదయాల్లో వస్తుంది. రెండోదానికి ఏళ్లు పడుతుంది. చెరువు దగ్గర ధైర్యం తెచ్చుకుని అక్కడే ఆగిపోకండి. రట్లండ్‌లో ఖాళీ సంచితో తిరిగొచ్చిన సాయంత్రం కూడా, నోటుపుస్తకంలో రెండు మాటలు చేరితే ఆ ప్రయాణం వృథా కాదు. కారులో తిరిగొచ్చే ఆ గంటసేపూ తండ్రీకొడుకులు మాట్లాడుకోవడానికి బోలెడు సంగతులుంటాయి.